చంపాలా, చూడాలా?

అలిపిరి నుంచి తిరుమలకు నడిచి వెళ్తూ ఇద్దరు దారి పొడుగునా వాదించుకున్నారు. ఒకరు మేనమామ. నెల్లూరు తీరంలో రొయ్యల హేచరీల్లోనూ చెరువుల మీదా ఏళ్ళ తరబడి పనిచేసి, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాడు. రెండో మనిషి ఆయన మేనకోడలు. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, ఇంట్లో నాలుగడుగుల ఉప్పునీటి ట్యాంకు పెట్టుకుంది. ఆమె కొనుక్కున్న జీవుల వెంట కొనని జీవులు కూడా అందులోకి వచ్చి చేరాయి. రీఫ్ ట్యాంకులు పెంచేవాళ్ళు వాటిని హిచ్‌హైకర్లు అంటారు. రాళ్ళ సందుల్లో, పగడాల మొదళ్ళలో దాక్కుని వచ్చేస్తాయి. కనిపించగానే చంపెయ్యాలని మామ పట్టు. ఏమిటో తేలేదాకా చెయ్యి పెట్టకూడదని కోడలి పట్టు. ఆ మాటల్ని వాళ్ళ నోటితోనే వినిపిస్తాను. నా అభిప్రాయం చెప్పాల్సిన చోట దాచుకోను.

మేనమామ: ఆ ఫోను ఇట్లా ఇయ్యి పాపా. ఇదేంది, గోధుమరంగు పువ్వు మాదిరి ఉండాది?

మేనకోడలు: అదే మామా, నేను చెప్పింది. జోవాలు అని పగడాల మాదిరి జీవులు తెప్పించుకుంటినే, అవి అంటుకుని ఉండే ప్లగ్గు అడుగునుంచి లేచింది. మొదట ఒకటే ఉన్నింది. ఇప్పుడు మూడు.

మేనమామ: మూడు అయ్యేదాకా చూస్తా కూర్చున్నావా? బ్లేడు పెట్టి గీకి పారెయ్యొచ్చు కదా.

మేనకోడలు: గీకితే మూడు కాస్తా ముప్పై అవుతాయి. అది ఐప్టేసియా. సముద్రపు ఎనిమోన్లలో ఒక రకం. దాని అడుగుభాగంలో ఇంత ముక్క రాతికి అంటుకుని మిగిలినా చాలు, ఆ ముక్క మళ్ళీ పూర్తి ఐప్టేసియాగా పెరుగుతుంది. దాని కొసలకు పొడిచే కణాలుంటాయి, పక్కనున్న పగడాన్ని కాల్చేస్తాయి. ఉంచుకోవాలని నేను అనడం లేదు. చంపాలన్నా ఎట్లా చంపాలో తెలియాలంటే ముందు అదేందో తెలియాలి అంటున్నా.

మేనమామ: తెలిసింది కదా. ఇప్పుడు ఏం చేస్తావు?

మేనకోడలు: కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే మన సున్నమే, శుద్ధమైనది తీసుకుని ముద్దగా కలిపి సిరంజితో దాని నోటి మీద వేస్తారు. ముడుచుకుపోయి లోపలే మాడిపోతుంది. బెర్గియా అని ఇంత చిన్న సముద్రపు నత్త ఉంది, పైన గుల్ల ఉండదు. దానికి ఐప్టేసియా తప్ప వేరే తిండి లేదు. అన్నీ తిన్నాక అదే ఆకలికి పోతుంది. పెప్పర్‌మింట్ రొయ్యను తెచ్చి వదిలేవాళ్ళూ ఉన్నారు. అయితే అక్కడా చిక్కే. అట్లాగే ఎర్రచారలతో ఉండే క్యామెల్ రొయ్య అని ఇంకొకటి ఉంది. దాన్ని తెచ్చి వేస్తే ఐప్టేసియాను వదిలేసి జోవాలను పీక్కుతింటుంది. మందు పేరు కూడా సరిగ్గా తెలియాల్సిందే.

మేనమామ: సరే, గీకడం తప్పే అనుకో. ఆ ప్లగ్గు, ఆ రాయి మొత్తం బయటికి తీసి మరిగే నీళ్ళలో వెయ్యి. పీడ వదిలిపోతాది.

మేనకోడలు: ఆ మాట మాత్రం ఇంకెవరికీ చెప్పొద్దు మామా, నీకు దండం పెడతా. జోవాల్లో, వాటి దగ్గరి చుట్టాలు పాలిథోవాల్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. అన్నిట్లో ఒకే మోతాదు ఉండదు, చూసి చెప్పడానికి లేదు. సముద్ర జీవుల విషాల్లో అంత ఘోరమైనవి కొన్నే. హవాయి దీవుల్లో దొరికిన పాలిథోవా నుంచి 1971లో దాన్ని మొదటిసారి వేరు చేసినారు. ఆ రాయిని ఉడికిస్తే, వేడినీళ్ళతో గట్టిగా రుద్దితే, ఆవిరితోనో తుంపరతోనో అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 2018లో ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక ఇంట్లో ట్యాంకు శుభ్రం చేసుకుంటే ఇంటిల్లిపాదీ ఆస్పత్రిలో పడినారు. సాయానికి వచ్చిన పోలీసులకు కూడా చికిత్స చేయాల్సి వచ్చింది. అంతకుముందు 2012, 2014ల్లో అలాస్కాలో అట్లాంటివే జరిగితే అమెరికా ఆరోగ్యశాఖ వాళ్ళు నివేదిక రాసినారు. ట్యాంకులో ఏం పెరుగుతుందో తెలియనోడు పొయ్యి మీద గిన్నె పెట్టకూడదు.

ఇక్కడ నేను ఒక మాట చెప్పాలి. ఈ అభిరుచి మన ఊళ్ళకు కొత్త. చేపలు, పగడాలు చెన్నై కొళత్తూరు బజారు నుంచో బెంగళూరు నుంచో ప్లాస్టిక్ సంచుల్లో వస్తాయి. వాటితో జాగ్రత్తలు రావు. చేతికి గ్లౌజులు, కళ్ళకు అద్దాలు లేకుండా జోవాలను కోసేవాళ్ళున్నారు. చేతికి పుండు ఉన్నా ట్యాంకులో చెయ్యి పెట్టేవాళ్ళున్నారు. రాయిని ఉడికించొద్దని కోడలు అన్న ఈ ఒక్క మాట ట్యాంకు ఉన్న ప్రతి ఇంట్లో తెలియాలి.

మేనమామ: నువ్వు చదివినదానివి కాబట్టి నీకు తెలిసింది. నాకు ఒకటి చెప్పు. రాత్రిపూట ట్యాంకులోనుంచి టక్ టక్ అని చప్పుడు వస్తా ఉందని మీ అమ్మ చెప్పింది. అదేంది?

మేనకోడలు: రెండింట్లో ఒకటి. మాంటిస్ రొయ్య అయినా కావాలి, పిస్టల్ రొయ్య అయినా కావాలి.

మేనమామ: మాంటిస్ రొయ్య నాకు తెలుసు. వలలో పడేది. చెయ్యి పెడితే రక్తమే. అది చేపల్ని బతకనిస్తాదా?

మేనకోడలు: బతకనీయదు. అందులో గుద్దే రకం అయితే దెబ్బ సెకనుకు 23 మీటర్ల వేగంతో పడుతుందని 2004లో కొలిచినారు, నత్తగుల్ల పగిలిపోతుంది. అయితే పిస్టల్ రొయ్య అట్లా కాదు. దాని కొండి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్ద కొండి టక్కున మూసినప్పుడు నీళ్ళలో ఒక బుడగ పుట్టి పేలుతుంది. ఆ చప్పుడు కొండిది కాదు, బుడగది అని 2000 సంవత్సరంలో తేల్చినారు. కొన్ని పిస్టల్ రొయ్యలు గోబీ చేపతో కలిసి ఒకే బొరియలో కాపురం చేస్తాయి. రొయ్యకు కంటిచూపు తక్కువ, అది బొరియ తవ్వుతుంది. చేప కాపలా కాస్తుంది. మాంటిస్, పిస్టల్ రెండూ ఒకే రకంగా చప్పుడు చేస్తాయి. చప్పుడు విని చంపితే, చాలామంది కోరి తెచ్చుకునేదాన్ని చంపినవాళ్ళం అవుతాం.

మేనమామ: మరి ఎట్లా తేలుస్తావు?

మేనకోడలు: టార్చికి ఎర్ర కాగితం చుట్టి, లైట్లు ఆరిపోయినాక కూర్చోవాలి. ఎర్ర వెలుగుకు అవి అంతగా బెదరవు. కాడల మీద అటూ ఇటూ తిరిగే కళ్ళు కనిపిస్తే మాంటిస్. ఒక కొండి లావుగా కనిపిస్తే పిస్టల్. నీళ్ళసీసా మెడ కోసి, తిరగేసి బిగించి, లోపల చిన్న రొయ్యముక్క వేసి పెట్టినా. పట్టుకుంటే ఇంక వాదనే లేదు.

మేనమామ: అంతవరకూ నీ చేపలు?

మేనకోడలు: అంతవరకూ నా చేపలు దేవుడి దయ.

మేనమామ: అదిగో! నేను చెప్పేది అదే. నీ చదువు బాగుంది పాపా, కాదనను. నువ్వు తేల్చేలోపల నష్టం జరిగిపోతాది. నేను చూసినా ఆ నష్టం. 1994లో తెల్లమచ్చ జబ్బు మన తీరానికి వచ్చింది. టైగర్ రొయ్యకు అప్పుడు బంగారం ధర. భూములు తాకట్టు పెట్టి చెరువులు తవ్వినారు. ఒకరోజు మేత మిగిలిపోయింది. మరుసటి రోజు రొయ్యలు గట్టు అంచుకు వచ్చి తేలినాయి. తలపెంకు ఒలిచి చూస్తే లోపలి వైపు తెల్లటి చుక్కలు. వారం, పది రోజులకు చెరువు చెరువంతా పోయింది. ఒకరు నీళ్ళ తప్పు అన్నారు, ఒకరు మేత తప్పు అన్నారు, ఒకరు సీడు తప్పు అన్నారు. మందుల కంపెనీవాళ్ళు డబ్బాలు డబ్బాలు అమ్ముకున్నారు. పేరు తెలియదు. పేరు తెలిసేదాకా మేము చేతులు కట్టుకుని కూర్చోవాల్నా?

మేనకోడలు: ఆ డబ్బాల మందులు పనిచేసినాయా?

మేనమామ: యాడ పనిచేస్తాయి? ఒక్కటీ పనిచేయలా.

మేనకోడలు: ఎందుకు పనిచేయలేదు? ఏ జబ్బుకు వేస్తా ఉన్నారో తెలియక. తైవాన్, చైనా, జపాన్, థాయ్‌లాండ్‌లలో అదే జబ్బుకు ఒక్కో చోట ఒక్కో పేరు పెట్టుకున్నారు. అన్నీ ఒకే వైరస్ అని తేలినాక కదా దానికి పీసీఆర్ పరీక్ష కుదిరింది? సీడు చెరువులో వదలకముందే పరీక్ష చేయించడం కదా తర్వాత రైతును నిలబెట్టింది? పేరు తేల్చడం అంటే అది మామా.

మేనమామ: నిలబెట్టింది, కాదనను. అయితే ఆ పరీక్ష మా దాకా వచ్చేలోపల కాపాడింది ఏందో విను. చెరువు చుట్టూ పీతల కంచె కట్టినాము, పీత ఆ జబ్బును మోసుకొస్తాదని. పైన పక్షులకు దారాలు లాగినాము. నీళ్ళు పెట్టినాక బ్లీచింగ్ కొట్టి, దాంట్లో ఏ ప్రాణం లేకుండా చేసి, అప్పుడు సీడు వేసినాము. ఆ నీళ్ళలో ఏమేం ఉండాయో మాకు తెలియదు. తెలుసుకోవాల్సిన పని కూడా లేదు. ఏదీ ఉండకూడదు, అంతే.

మేనకోడలు: నీ చెరువులో నీకు కావాల్సింది ఒకే ప్రాణి, రొయ్య. నా ట్యాంకులో నాకు కావాల్సింది సముద్రం. మిగతా ప్రాణులు లేకపోతే అది సముద్రం కాదు. రాత్రి అద్దం మీద తెల్లటి దుమ్ము మాదిరి పాకే కోపిపాడ్లు చేపపిల్లలకు మేత. బియ్యపుగింజంత యాంఫిపాడ్లు మిగిలిన తిండిని చక్కబెడతాయి. వేలిగోరంత పెళుసు నక్షత్రాలు ఇసుకను కదిలిస్తా ఉంటాయి. ఇవన్నీ పిలవకుండా వచ్చినవే. నువ్వు బ్లీచింగ్ కొట్టినట్టు కొడితే, వచ్చిన పదిలో ఒక్క దొంగ కోసం తొమ్మిది పనివాళ్ళను చంపినట్టు.

మామ మాట నాకు తేలిగ్గా తీసెయ్యాలని అనిపించదు. తూర్పు తీరంలో ఆ రోజుల్లో అప్పులపాలైన ఇళ్ళను చూసినవాడు అట్లా మాట్లాడితే తప్పు పట్టలేం. కానీ ఆయన పద్ధతి ఒకే పంట పండించే చెరువుకు కుదిరింది. వంద రకాల ప్రాణులు ఒకదాన్ని ఒకటి పట్టుకుని బతకాల్సిన చోట అది కుదరదు. ఈ తేడా ఆయనకు ఆ పూట పట్టలేదు.

మేనమామ: సరే, పురుగుల సంగతి చెప్పు. ఇంకో ఫోటోలో గులాబీరంగు పురుగు, పక్కలంతా వెంట్రుకలు. అదీ పనివాడేనా?

మేనకోడలు: అవును. బ్రిసిల్ వార్మ్. ఒంటికి రెండు పక్కలా తెల్లటి కుచ్చులు ఉంటాయి. చచ్చినదాన్ని, మిగిలిపోయినదాన్ని తింటుంది. చేత్తో పట్టుకుంటే మాత్రం ఆ ముళ్ళు చర్మంలో విరిగి మంట పుడుతుంది. అప్పుడు అంటుకునే టేపు వేసి లాగాలి. దాన్ని చూసి హడలిపోయి చంపేవాళ్ళు ఎక్కువ, అది చేసే పని తెలిసినవాళ్ళు తక్కువ.

మేనమామ: నువ్వు చూపించిన వీడియోనే కదా, ఇంగ్లండ్‌లో ఒక అక్వేరియంలో పురుగు నాలుగడుగులు పెరిగిందని?

మేనకోడలు: 2009లో, న్యూకీ అనే ఊళ్ళో. పగడాలు కోసుకుపోతా ఉంటే, చేపలు మాయమవుతా ఉంటే ఏందో అర్థం కాక, చివరికి రాళ్ళన్నీ పీకి చూస్తే దొరికింది. బాబిట్ వార్మ్. అది వేరే కుటుంబం మామా, యూనిసిడ్లు. తలమీద ఐదు మీసాలు, ఒళ్ళు నూనె పూసినట్టు రంగులు మారే మెరుపు, లోపల కత్తెర మాదిరి దవడలు. బ్రిసిల్ వార్మ్‌కు ఆ దవడలు ఉండవు.

మేనమామ: జపాన్‌లో ఒకటి మూడు మీటర్లు అని కూడా నువ్వే చెప్పినావు.

మేనకోడలు: 299 సెంటీమీటర్లు, 673 కణుపులు. షిరహామా దగ్గర రేవులో కట్టిన ఒక తెప్పలో దొరికింది. ఆ తెప్ప నీళ్ళలో 13 ఏళ్ళు ఉన్నింది. అంతకాలమూ తమ కాళ్ళకింద అది ఉందని ఎవరికీ తెలియదు.

మేనమామ: చూసినావా! అది నీ ట్యాంకులోకి వచ్చినప్పుడు ఎంత ఉంటాది? అగ్గిపుల్లంత. అప్పుడు ఐదు మీసాలు లెక్కపెడతావా నువ్వు, కళ్ళజోడు పెట్టుకుని? యూనిసిడ్లు అన్నీ దొంగలు కావు అని కూడా నువ్వే అంటావు. ఏది పెరిగి దొంగ అవుతుందో, ఏది కాదో పిల్లప్పుడు ఎవురు చెప్తారు? ఫోటో తీసి ఫోనులో పెడితే, ఒక్కోసారి ఒక్కో పేరు చెప్తాది. నీ ప్రొఫెసర్లు అయినా పురుగు జాతి తేల్చాలంటే దాన్ని చంపి, దవడలు తీసి, సూక్ష్మదర్శిని కింద పెట్టాల్సిందే కదా? చంపి పేరు పెట్టేదానికంటే నేను పేరు లేకుండా చంపేది ఏం తక్కువ?

మేనకోడలు: ... అది నిజమే. జాతి దాకా పోవడం ఫోటోతో అయ్యే పని కాదు. నేను అంతవరకూ పోను కూడా. గుంపు తెలిస్తే చాలు. ఆ తర్వాత పేరు కన్నా నడవడిక చూడాలి. రాతికి అతుక్కుని ఉందా, తిరుగుతా ఉందా? పగలు వస్తుందా, రాత్రి వస్తుందా? పగడం మీద కూర్చుంటే ఆ పగడం విచ్చుకుని ఉందా, ముడుచుకుందా? వారానికి ఒకటి రెండు అవుతా ఉందా? పీత అయితే కొండ్ల కొసలు నల్లగా ఉండి ఒళ్ళంతా వెంట్రుకలుంటే నేనూ అనుమానిస్తా. కానీ పగడం కొమ్మల మధ్య నున్నగా కూర్చునే ట్రపీజియా పీతను చంపితే పాపం. సముద్రంలో ముళ్ళకిరీటం నక్షత్రం పగడాన్ని తినడానికి వస్తే, ఆ పీతే దాన్ని గిల్లి గిల్లి తరుముతుంది. 1976లోనే పీటర్ గ్లిన్ అనే ఆయన దీన్ని గమనించి రాసినాడు.

మేనమామ: నడవడిక అంటే ఒప్పుకుంటా. అది నాకూ తెలిసిన భాషే. పేరు అనబాక.

మేనకోడలు: పేరు లేకుండా నీ మాట ఇంకొకరికి ఎట్లా చేరుస్తావు? ఆక్రోపోరా పగడాన్ని తినే చదునుపురుగు ఒకటి ఉంది. ట్యాంకులు పెంచేవాళ్ళకు ఏళ్ళ తరబడి తెలుసు. పగడం రంగులోనే ఉంటుంది, కంటికి ఆనదు. దానికి శాస్త్రం పేరు పెట్టింది 2011లో, అమాకుసాప్లానా ఆక్రోపోరే అని. అదీ సముద్రంలో దొరికినదానికి కాదు, ట్యాంకుల్లో దొరికినదానికి. పేరు పెట్టినాక, గుర్తులు రాసినాక, ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో వెతికితే అక్కడా కనిపించింది.

మేనమామ: 2011 దాకా ట్యాంకులోళ్ళు ఏం చేసినారు? పేరు రానీ అని ఆగినారా? పగడాలను మందునీళ్ళలో ముంచినారు, కడిగినారు, బతికించుకున్నారు. ఇది నా పక్షం సాక్ష్యం పాపా, నీది కాదు.

మేనకోడలు: ముంచితే పురుగు పోతుంది, గుడ్డు పోదు. గుడ్ల సంగతి తెలిసినాక కదా మళ్ళీ మళ్ళీ ముంచాలని అర్థమైంది? చూడకుండా అది తెలియదు. మన కొండ సంగతే తీసుకో. బంగారు బల్లికి బెడ్డోమ్ అనే దొర పేరు పెట్టింది 1870లో, ఈ తిరుపతి కొండల్లో దొరికినదాన్ని చూసి. తర్వాత మళ్ళీ దాన్ని ఇక్కడ చూసి రాసింది 1986లో, బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు. నడుమ నూరేళ్ళ పైన అది ఎక్కడికీ పోలేదు. ఈ బండల సందుల్లోనే ఉంది, రాత్రిపూట అరుస్తానే ఉంది. చూసేవాళ్ళు లేరు, అంతే.

నరసింహస్వామి గుడి దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. 2023 ఆగస్టులో ఆ చుట్టుపక్కలే ఒక చిన్నపాపను చిరుత ఎత్తుకుపోయి చంపింది. ఆ తర్వాత ఈ దారిలో నడిచేవాళ్ళ చేతికి కర్రలు వచ్చాయి, పిల్లల్ని తీసుకెళ్ళే వేళల మీద ఆంక్షలు వచ్చాయి. మళ్ళీ మాట కలిపింది మామే.

మేనమామ: ఇక్కడ నువ్వు చెప్పే శాస్త్రం పనికొస్తాదా, పాపా? ఏ చిరుత చేసిందో తేలేదాకా ఆగమంటే ఆ తల్లి ఊరుకుంటాదా?

మేనకోడలు: ఊరుకోదు. ఊరుకోకూడదు. కానీ అప్పుడు ఏం చేసినారో గుర్తుందా? అడవిలోకి పోయి కనిపించిన చిరుతనల్లా కాల్చలేదు. కెమెరాలు కట్టినారు, బోన్లు పెట్టినారు. ఒకదాని తర్వాత ఒకటి పడినాయి. పడినవాటిలో ఆ పని చేసింది ఏదో తేల్చాలని నమూనాలు పరీక్షకు పంపినారు.

మేనమామ: పంపినారు. కానీ తేలేదాకా దాన్ని ఈ దారిలో తిరగనీయలేదు కూడా. బోనులోనే పెట్టినారు. అది మర్చిపోవద్దు.

మేనకోడలు: మర్చిపోలేదు.

మేనమామ: మరి నీ ట్యాంకులో బోను యాడ?

నా మట్టుకు వాదన ఇక్కడే తెగింది. కోడలికి చూడాలని ఉంది, కానీ చూసే చోటును ట్యాంకు లోపల పెట్టుకుంది. మామకు చంపాలని ఉంది, ఎందుకంటే ఆయనకు మొదట్లో ఆ బోను దొరకలేదు. రొయ్యల రంగం ఆ పాఠాన్ని డబ్బు పోసి నేర్చుకుంది. 2009లో వనామి రొయ్యను మన దేశంలో పెంచడానికి అనుమతిచ్చినప్పుడు, విదేశాల నుంచి వచ్చే తల్లిరొయ్యలు నేరుగా హేచరీకి రాకూడదన్నారు. జబ్బుల్లేనివని ధ్రువీకరించినవే తెప్పించి, చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో విడిగా ఉంచి, పరీక్ష చేసి పంపడం మొదలైంది. ఇంట్లో నాలుగడుగుల ట్యాంకుకు అంత ఏర్పాటు అక్కర్లేదు. పని మాత్రం అదే.

మేనమామ: నలభై లీటర్ల ఖాళీ ట్యాంకు ఒకటి పెట్టు. ఇసుక వద్దు, రాయి వద్దు. హీటరు, స్పాంజి ఫిల్టరు, లైటు, అంతే. కొత్తగా ఏది వచ్చినా నేరుగా పెద్ద ట్యాంకులోకి పోకూడదు.

మేనకోడలు: పగడం అయితే ముందు ప్లగ్గు నుంచి ఊడదీసి, ప్లగ్గును పారేస్తా. సగం దొంగలు ప్లగ్గుకిందే ఉంటారు. మందునీళ్ళలో ముంచినాక ఆ నీళ్ళు పారబోయకుండా తెల్లటి గిన్నెలో పోసి భూతద్దం పెట్టి చూస్తా. ఏం రాలిందో అందులో కనిపిస్తుంది. గుడ్లు పొదిగే వ్యవధి లెక్కేసుకుని మళ్ళీ ముంచుతా.

మేనమామ: చేపలకో?

మేనకోడలు: చేపలకు ఇంకా ఎక్కువ కాలం కావాలి. క్రిప్టోకారియాన్ అని తెల్లచుక్కల జబ్బు, నీ తెల్లమచ్చ కాదు, వేరే. అది చేప ఒంటిమీదనుంచి రాలి, ఇసుక మీద, రాయి మీద తిత్తి కట్టుకుంటుంది. చాలా తిత్తులు నెలలోపే పగులుతాయి. 72 రోజుల తర్వాత పగిలినవి కూడా ఉన్నాయని రాసినారు. అందుకే జబ్బు వచ్చిన ట్యాంకును చేపలు లేకుండా రెండున్నర నెలలు ఖాళీగా ఉంచుతారు.

మేనమామ: ఇప్పుడు దారికి వచ్చినావు. ఆ చిన్న ట్యాంకులో నువ్వు ఎన్నాళ్ళయినా చూసుకో, నేను అడ్డం రాను.

మేనకోడలు: నువ్వూ దారికి వచ్చినట్టే మామా. చూసుకో అన్నావు కదా.

మేనమామ: ఇంకొకటి. ఆ రాయి సముద్రంలోది కాదు కదా?

మేనకోడలు: కాదు. సిమెంటుతో చేసిన రాయి. సముద్రంలోని రాయి, అందులోని పగడం మన దేశంలో ముట్టుకోకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గట్టి పగడాలన్నిటినీ 2001లో మొదటి షెడ్యూల్‌లో చేర్చినారు, పులికి ఎంత రక్షణో వాటికీ అంతే. సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు కూడా అందులోకే వచ్చినాయి. ఎవరైనా మన్నార్ సింధుశాఖ నుంచి లైవ్ రాక్ తెచ్చి ఇస్తాం అంటే, దాంట్లో ఏ జీవి దాక్కుందో చూడాల్సిన పని లేదు. ఆ రాయే కొనకూడనిది.

మేనమామ: అంతవరకూ మనిద్దరిదీ ఒకే మాట. చివరికి ఆ దొంగ దొరికింది అనుకో. నీకు చంపడానికి చెయ్యి రాదు, నాకు తెలుసు. ఏం చేస్తావు? తీసుకుపోయి సముద్రంలో వదులుతావా? పుణ్యం వస్తాదని కొందరు కోనేట్లో కూడా వదులుతారు.

మేనకోడలు: కోనేట్లో వదిలితే ఉప్పునీటి జీవి గంటల్లో చస్తుంది, అది పుణ్యం కాదు. సముద్రంలో వదలడం ఇంకా తప్పు. అది పసిఫిక్‌దో, కరీబియన్‌దో నాకు ఏం తెలుసు? ట్యాంకు కింది సంప్‌లో దానికి వేరే అర పెట్టి పెంచుతా. పెంచలేకపోతే చంపుతా. బయటికి మాత్రం పోదు.

మోకాళ్ళమెట్టు దగ్గరికి వచ్చాక మాటలు తగ్గి ఆయాసం పెరిగింది. వాళ్ళ వాదనలో ఎవరు నెగ్గారని నన్ను అడిగితే, చూడాలన్న కోడలే నెగ్గింది, కానీ మామ పెట్టించిన బోనుతో నెగ్గింది అంటాను.

బయటికి మాత్రం పోదని ఆఖరున కోడలు అన్న మాటకు నేను ఇంకొంచెం చేర్చాలి, ఎందుకంటే ట్యాంకు యజమానులు ఎక్కువగా తప్పు చేసేది అక్కడే. మొనాకోలోని సముద్ర మ్యూజియం ముందు 1984లో కనిపించిన చిన్న నాచుముక్క, కాలెర్పా, మధ్యధరా సముద్రపు అడుగున వేల ఎకరాలకు పాకింది. అదే నాచు 2000లో కాలిఫోర్నియాలో ఒక ఉప్పుటేరులో బయటపడితే, పూర్తిగా తీసెయ్యడానికి ఆరేళ్ళూ 70 లక్షల డాలర్ల పైనా పట్టాయి. 1985లో ఫ్లోరిడా తీరంలో మొదట కనిపించిన లయన్ ఫిష్, ట్యాంకుల్లోనుంచి బయటపడ్డ హిందూ, పసిఫిక్ మహాసముద్రాల చేప, ఇప్పుడు కరీబియన్ అంతటా ఉంది. మన దగ్గరా అదే కథ. గాజు తొట్లలో పాచి తింటుందని అమ్మిన సక్కర్ చేప చెరువుల్లో, కాలువల్లో దెయ్యం చేపై కూర్చుంది. తూర్పు కనుమల నీళ్ళలో అది ఎంత దూరం వ్యాపించిందో తెలుసుకోవడానికి హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో మిగిలే డీఎన్‌ఏను వెతకాల్సి వచ్చింది. పులికాట్ వైపు జాలర్లను ఏడిపిస్తున్న దక్షిణ అమెరికా ఆలిచిప్ప ట్యాంకుల నుంచి రాలేదు, ఓడలతో వచ్చిందంటున్నారు. కానీ బురదను కప్పేసి రొయ్యకు చోటు లేకుండా చేయడంలో దారి ఏదైనా ఫలితం ఒకటే.

ఉప్పునీటి ట్యాంకు ఉన్నవాళ్ళకు నా విన్నపం ఇది. మీ ట్యాంకులో తెలియని జీవి కనబడితే ఫోటో తీయండి, విడిగా పెట్టండి, రాత్రి ఎర్ర వెలుగులో చూడండి, తెలిసినవాళ్ళను అడగండి. రాయిని మరిగే నీళ్ళలో వెయ్యకండి. తీసేసిన నాచును, ప్లగ్గును, రాయిని బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టి, ఎండబెట్టి, ఆ తర్వాతే చెత్తలో వెయ్యండి. జోవాలు, పాలిథోవాలు అంటుకుని ఉన్నవాటిని మాత్రం రుద్దకుండా, గ్లౌజులతో సంచిలో కట్టి పారెయ్యండి. ట్యాంకు నీళ్ళలో కూడా బ్లీచింగ్ కలిపి ఒక రోజు ఉంచి మురుగుకాలువలో పోయండి. స్వర్ణముఖిలోకి గానీ, పులికాట్‌లోకి గానీ, సముద్రంలోకి గానీ ఒక్క చుక్క కూడా పోనీయకండి.